సినిమా కట్టబొమ్మన, చరిత్ర కట్టబొమ్మన

మన కుటుంబ పత్రికలో సినిమాల ఊసు ఎత్తితే పెద్దలు ముక్కు విరుస్తారేమోనన్న జంకు నాకు లేకపోలేదు. అయినా ఈ సంగతి మన ఇళ్లకు సంబంధించినది. కోవిల్‌పట్టికి ఇటు, ఎట్టయాపురానికి అటు, విరుదునగర్ దాకా కాపురాలున్న తెలుగువాళ్లం ఎవరమైనా ఏదో ఒక నాడు ఈ మాట పడినవాళ్లమే, లేదా ఇంకొకరిని అన్నవాళ్లమే. అందుచేత ధైర్యం చేసి వ్రాస్తున్నాను.

నాకు కౌబాయ్ బొమ్మలంటే చిన్ననాటి నుంచీ పిచ్చి. మా ఊరి టాకీసులో ‘మెకన్నాస్ గోల్డ్’ మళ్లీ మళ్లీ వచ్చేది. ఇప్పుడు విరుదునగర్‌లో ఒక కమిషన్ మండీలో లెక్కలు వ్రాసే గుమాస్తాను. రోజూ కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా రైల్లో పోయి రావడమే గనక చదువుకోవడానికి తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో బొమ్మల వెనుక కథలు ఏరుకుంటూ వచ్చాను. బొమ్మ కన్నా ఆ వెనుక కథలే ఒక్కోసారి రసవత్తరంగా ఉంటాయని చెప్పక తప్పదు.

‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ అనే 1966 నాటి బొమ్మ చాలామంది చూసే ఉంటారు. కథ జరిగేది అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1862 ప్రాంతాన. తీసింది మాత్రం స్పెయిను దేశంలో, ఇటలీ వాళ్లు. అందులో ఒక పెద్ద కొయ్యవంతెన పేలిపోతుంది. స్పెయిను సైనికులే ఆ వంతెన కట్టి ఇచ్చారు. మీట నొక్కే గౌరవం ఒక సైనికాధికారికి ఇచ్చారట. సంకేతం ఏదో, మామూలు మాట ఏదో ఆయనకు పొరపాటు పడి, కెమెరాలు తిరగక ముందే మీట నొక్కేశాడు. వంతెన కాస్తా తునాతునకలైపోయింది. పాపం, సైనికులు మళ్లీ కట్టి ఇచ్చారు, మళ్లీ పేల్చారు. మనం తెర మీద చూసేది ఆ రెండోసారిది. అసలు వింత ఇంకొకటి ఉంది. ఆ పేల్చడానికి వాడినట్టు చూపిన డైనమైటు ఆల్ఫ్రెడ్ నోబెల్ చేతికి పేటెంటు వచ్చింది 1867లో. అంటే కథ జరిగిన అయిదేళ్లకు గాని ఆ మందు లోకంలోకి రాలేదు!

జాన్ ఫోర్డ్ అనే మహానుభావుడు 1946లో తీసిన ‘మై డార్లింగ్ క్లెమెంటైన్’ సంగతి ఇంకా చిత్రం. టూమ్‌స్టోన్ అనే ఊళ్లో 1881 అక్టోబరు 26న జరిగిన తుపాకుల పోరు దాని కథ. నిజంగా ఆ పోరు అరనిమిషం మాత్రమే సాగింది. అదీ గుర్రాల దొడ్డిలో కాదు, దాని పక్కన ఒక ఇరుకు ఖాళీ స్థలంలో. సినిమాలో డాక్టరు హాలిడే అక్కడే గుండు తగిలి చనిపోతాడు. నిజమైన హాలిడే ఇంకా ఆరేళ్లు బతికి, 1887లో క్షయతో పోయాడు. సినిమాలో పసివాడుగా చనిపోయే తమ్ముడు నిజానికి ఆ అన్నదమ్ములకు అన్న. ఆయన 1926 దాకా జీవించాడు. టూమ్‌స్టోన్ ఊరికి ఎక్కడో ఉత్తరాన ఉన్న మాన్యుమెంట్ వ్యాలీ ఎర్ర కొండలు సినిమాలో ఊరి పెరట్లో ఉన్నట్టు నిలబడతాయి. ఇప్పుడు ఆ టూమ్‌స్టోన్ ఊరే యాత్రికుల కోసం రోజూ ఆ పోరును నాటకంగా ఆడి చూపిస్తున్నది. ఊరు సినిమాను కన్నదా, సినిమా ఊరిని కన్నదా అని అడగవలసిన పరిస్థితి వచ్చింది.

ఇవి చదువుకుని నవ్వుకుంటూ ఉండేవాణ్ణి. తరువాత మన కరిసల్ నేల మీదికే చూపు తిప్పితే నవ్వు కొంత తగ్గింది.

1959 మే నెలలో ‘వీరపాండియ కట్టబొమ్మన్’ విడుదలైంది. బి.ఆర్. పంతులు గారి దర్శకత్వం, శివాజీ గణేశన్ గారి కట్టబొమ్మన. మా నాన్న అప్పుడు పిల్లవాడు. ఊరి నుంచి ఎడ్లబండి కట్టుకుని విరుదునగర్ పోయి చూసి వచ్చిన ముచ్చట ఆయన చివరిదాకా చెప్పేవారు. తిరుగుదారి పొడుగునా బండిలో పిల్లలు అందరూ కట్టబొమ్మనలేనట. తెల్లదొరగా ఉండడానికి ఒక్కడూ ఒప్పుకోలేదట.

ఆ బొమ్మ వెనుక కథా చిన్నది కాదు. శివాజీ గారు చిన్నతనంలో తిరుచిరాపల్లిలో ‘కంబళత్తార్ కూత్తు’ చూసి, అందులోని కట్టబొమ్మన వేషానికి ముగ్ధులై, నటుడు కావాలని తలచినట్టు తామే చెప్పుకొన్నారు. కంబళత్తారంటే ఎవరు? రాజకంబళ నాయకర్లు, ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్లు, కట్టబొమ్మన కులస్థులు. తమిళ దేశం గర్వించే నటుడికి నటన మీద మొదటి మోజు పుట్టించింది మన తెలుగువాళ్ల పేరు మోస్తున్న వీధి కూత్తు! ఈ సంగతి మన పిల్లలకు ఎందరికి తెలుసు?

పెద్దవాడయ్యాక ఆయన శక్తి టి.కె. కృష్ణస్వామి గారి చేత నాటకం వ్రాయించి, 1957లో సేలంలో మొదట ఆడారు. తరువాత పంతులు గారు దాన్ని సినిమాగా తీశారు. చరిత్ర విషయంలో మ.పొ. శివజ్ఞానం గారి పరిశోధన తోడు చేసుకున్నారు. రంగుల్లో తీసి, లండనులో టెక్నికలరు ముద్రణ చేయించారు. వెళ్లైయత్తేవన్ వేషానికి ముందు ఎస్.ఎస్. రాజేంద్రన్ గారిని అడిగితే, ఆయన కణ్ణదాసన్ గారి ‘శివగంగై సీమై’లో వేయడానికి ఒప్పుకుని ఉన్నారు. అందుచేత ఆ వేషం జెమినీ గణేశన్ గారికి దక్కింది. 1960లో కైరో నగరంలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో శివాజీ గారికి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఇదే పంతులు గారు 1961లో ‘కప్పలోట్టియ తమిళన్’ తీశారు. ఆ కథానాయకుడు వ.వు. చిదంబరం పిళ్లై పుట్టిన ఒట్టపిడారం, పాంచాలంకురిచ్చికి పక్క ఊరే. ఒక చిన్న కరిసల్ బీడు రెండు పెద్ద బొమ్మలకు కథలిచ్చిందన్న మాట.

యుద్ధ దృశ్యాలు జయపూరులో తీశారు. అక్కడే నాకు జాన్ ఫోర్డ్ గుర్తుకు వస్తాడు. పాంచాలంకురిచ్చి కోట మట్టికోట. నల్లరేగడి మట్టి తొక్కి కట్టిన గోడలు. 1799 సెప్టెంబరు 5న మేజర్ బ్యానర్‌మన్ దాని మీద పడి, మొదటి దెబ్బకు ఓడి, చాలామంది మనుషులను పోగొట్టుకుని వెనక్కి తగ్గి, పెద్ద ఫిరంగులకు కబురు పెట్టుకోవలసి వచ్చింది. రెండేళ్లకు కట్టబొమ్మన తమ్ముడు ఊమైదురై చెర తప్పించుకు వచ్చి, నేలమట్టమైన ఆ కోటను కొద్ది రోజుల్లోనే మళ్లీ లేపాడు. మట్టికోట గనకనే అది సాధ్యమైంది. జయపూరు రాతి గోడలు తెర మీద ఎంత ఠీవిగా ఉన్నా, ఆ మట్టి గొప్పతనం అవి చూపలేవు. ఫిరంగి గుండును మట్టి మింగేస్తుంది, రాయి పగిలిపోతుంది. మన సేద్యగాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇంకో మాట. ఇప్పుడు పాంచాలంకురిచ్చికి పోయేవాళ్లు చూసే కోట 1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టించిన జ్ఞాపక చిహ్నం. అసలు కోటను 1801లో గెలిచాక కంపెనీ వాళ్లు నేలమట్టం చేశారు. సినిమా వచ్చిన పదిహేనేళ్లకు కట్టిన ఈ కోట ముందు పిల్లలను నిలబెట్టి ఫోటో తీసుకుంటూ, “కట్టబొమ్మన ఇక్కడే నిలబడ్డాడు” అని చెప్పే తండ్రులను నేను చూశాను. కయత్తారులో శివాజీ గారు స్థలం కొని పెట్టించిన విగ్రహం నా కంటికి శివాజీ గారి లాగానే అగుపిస్తుంది. తప్పు పట్టడం లేదు. కట్టబొమ్మనను చూసి చిత్రం గీసిన వాడెవడూ లేనప్పుడు శిల్పి మాత్రం ఎవరిని చూసి చెక్కుతాడు?

ఇక ఆ ప్రసిద్ధమైన దృశ్యం. కలెక్టరు జాక్సన్ ఎదుట నిలబడి కట్టబొమ్మన పన్నెందుకు కట్టాలని గర్జించే ఘట్టం. తమిళనాట బడిపిల్లలు దాన్ని వల్లించకుండా ఒక్క వార్షికోత్సవం జరగదు. మా అబ్బాయి ఎనిమిదో తరగతిలో చరిత్ర పరీక్షలో ఆ సంభాషణే జవాబుగా వ్రాసి వచ్చాడు. మార్కులు నిండుగా పడ్డాయి! నేను వాడి పాఠ్యపుస్తకమే తీసి ముందు పెట్టాను.

“చదువు నాయనా, ఇందులో ఎన్ని పగోడాలని ఉంది?”

“వెయ్యిన్ని ఎనభై.”

“అంటే బాకీ ఉన్నదా, కట్టినదా?”

వాడు కొంచెంసేపు చూసి, “బాకీ” అన్నాడు.

గుమాస్తా కంటికి ఇదే అసలు కథ. 1798 నాటికి పాంచాలంకురిచ్చి మీద పడిన బకాయి 3310 పగోడాలు. అందులో 1080 మాత్రమే మిగిలింది. అంటే 2230 పగోడాలు చెల్లించేశాడు. పన్నెందుకు కట్టాలని ఆయన అనలేదని నేను చెప్పను. ఆ రోజు ఎవరేమన్నారో మాట మాటగా వ్రాసిపెట్టిన వాళ్లు లేరు. కాని లెక్క చూస్తే ఆయన కొట్లాటకు తొడగొట్టిన మనిషిలా కనపడడు. మూడింట రెండు పాళ్లు కట్టి, మిగిలినదానికి మాట్లాడుకుందామని వచ్చిన మనిషిలా కనపడతాడు.

అసలు కంపెనీకి ఎందుకు కట్టాలన్న ప్రశ్నకు కూడా జవాబు సినిమా చెప్పినంత చిన్నది కాదు. ఆర్కాటు నవాబు కంపెనీకి పడిన అప్పుల్లో మునిగిపోయి, 1792 ఒప్పందంతో పాళెగాండ్ర దగ్గర కప్పం వసూలు చేసుకునే హక్కును కంపెనీకి వదిలేశాడు. అంటే మన ఊరి సేఠు దగ్గర మన పెద్దాయన చేసిన అప్పుకు, మన కౌలుదారుల దగ్గర సేఠే వసూలుకు దిగినట్టు. ఇదంతా తెర మీద చెప్పబోతే ప్రేక్షకులు లేచి సోడా తాగడానికి పోతారు. ఒక్క గర్జనతో పంతులు గారు పని ముగించారు. కళకు అది తప్పదు కాబోలు.

కాని ఆయన విడిచిపెట్టినదానిలో గర్జన కన్నా బాధాకరమైన కథ ఉన్నది. జాక్సన్ కట్టబొమ్మనను కలుస్తానని రమ్మని, కుర్తాళంలో కలవలేదు, శ్రీవిల్లిపుత్తూరులో కలవలేదు. దొర విడిది మార్చిన చోటల్లా పాళెగాడు ఎండలో వెంట తిరిగాడు. ఇరవై మూడు రోజులు, సుమారు నాలుగు వందల మైళ్లు. శ్రీవిల్లిపుత్తూరు మన విరుదునగర్ జిల్లాదే. చివరికి సెప్టెంబరులో రామనాథపురంలో దర్శనం దొరికితే, కూర్చోబెట్టకుండా మూడు గంటలు నిలబెట్టాడు. తరువాత అలజడి రేగింది. క్లార్క్ అనే లెఫ్టినెంటు చనిపోయాడు, కార్యదర్శి సుబ్రహ్మణ్య పిళ్లై పట్టుబడ్డాడు. ఆ తరువాత మద్రాసు ప్రభుత్వం విచారణ సంఘం వేస్తే, ఆ సంఘం కట్టబొమ్మన వైపే న్యాయం చెప్పింది! జాక్సన్‌ను పదవి నుంచి తొలగించి, లషింగ్టన్‌ను వేశారు. చిన్న కాగితానికి పెద్ద ఆఫీసు వరండాలో రోజుల తరబడి నిలబడ్డ మన వంటి వాళ్లకు ఆ ఇరవై మూడు రోజుల నడక ఏ గర్జన కన్నా బాగా అర్థమవుతుంది. ఎవరైనా ఆ నడకను సినిమాగా తీస్తే నేను మొదటి ఆటకే పోతాను.

మాట భాష వైపు తిరిగితే మా అబ్బాయి ప్రశ్న ఒకటి ఉంది. “కట్టబొమ్మన తెలుగువాడైతే తెలుగులో ఎందుకు మాట్లాడలేదు నాయనా?” అన్నాడు. నువ్వు బడిలో ఏం మాట్లాడతావు, ఇంట్లో ఏం మాట్లాడతావు అని అడిగాను. వాడికి అర్థమైంది. ఆయన పూర్వీకుడి పేరు గెట్టిబొమ్ము అంటారు. అది తమిళ నాలుక మీద కట్టబొమ్మన్ అయింది. ఇంగ్లీషు కాగితాల్లో ‘కటబోమ నాయగ్’ అయింది. అదే 1959లో ఆ బొమ్మను ఆంధ్రదేశం కోసం తెలుగులోకి మార్చినప్పుడు ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ అయి కూర్చుంది. పుట్టినింటికి తిరిగివచ్చిన ఆడపిల్లను వాకిట్లో ఎవరమ్మా నువ్వు అన్నట్టుంది! ఇంటి దేవత జక్కమ్మ, కొలిచిన సామి తిరుచెందూరు మురుగన్. ఇంటిది ఒక భాష, వీధిది ఒక భాష. మన పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారూ అంతే. ఇంట్లో తెలుగు, వ్రాసింది తమిళం. తెలుగువాళ్ల వలస కథను తమిళంలో వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. కట్టబొమ్మన తెర మీద తమిళంలో గర్జించాడని మనం కినుక వహించవలసిన పని లేదు.

నాకు కినుక వేరే చోట ఉన్నది. అది ఎట్టప్పన్ దగ్గర.

తమిళంలో ‘ఎట్టప్పన్’ అంటే ఇప్పుడు ద్రోహి అని అర్థం. మా మండీలో ఎవరైనా ముతలాళి చెవిలో మాట వేస్తే “వాడొక ఎట్టప్పన్” అంటారు. అసలు అది ఒక మనిషి పేరే కాదు. ఎట్టయాపురం పాళెగాండ్ర వంశమంతటికీ బిరుదు, కట్టబొమ్మన అన్నది ఆ ఇంటికి వంశనామం అయినట్టే. వాళ్లూ తెలుగు నాయకర్లే. ఆ రోజు ఉన్న ఎట్టయాపురం దొర కంపెనీ పక్షాన నిలిచాడు, బంటులను పంపాడు, యుద్ధం ముగిశాక పాంచాలంకురిచ్చి నేలలో వాటా పొందాడు. ఇది నిజం, దాన్ని కడిగిపెట్టే ఉద్దేశం నాకు లేదు. రెండిళ్ల మధ్య పొలిమేర తగాదాలు అంతకు ముందు నుంచే ఉన్నవి. కాని కట్టబొమ్మనను అడవిలో పట్టుకుని కంపెనీకి అప్పగించింది పుదుక్కోట తొండైమాన్ రాజు మనుషులు. కంపెనీ పక్షాన నిలిచిన పాళెగాండ్రు ఇంకా ఉన్నారు. వాళ్లందరి పేర్లూ కాలంలో కలిసిపోయి, ఒక్క ఎట్టప్పన్ మాత్రం తిట్టుగా మిగిలాడు. ఈ తిట్టును సినిమా ఒక్కటే పుట్టించలేదు గాని, ఇంటింటికీ చేర్చింది మాత్రం సినిమాయే. ‘క్లెమెంటైన్’ చూసి నవ్విన నేను ఇక్కడ నవ్వలేను, ఎందుకంటే నా భార్య పుట్టిల్లు ఎట్టయాపురం.

మా మరదలి పెళ్లి మాటలకు విరుదునగర్ నుంచి మగపెళ్లివారు వచ్చారు. మనవాళ్లే, మర్యాదస్తులే. భోజనాల దగ్గర వాళ్లలో ఒక పెద్దాయన పరాచికానికి, “ఎట్టప్పన్ ఊరి పిల్ల కదా, మా ఇంటి గుట్టు బయటికి పోదు గదా బావా?” అన్నాడు. నలుగురు నవ్వారు. మా అత్తగారు చేతిలో నెయ్యి గిన్నెతో అలాగే నిలబడిపోయారు. మా మామగారు గొంతు పెంచి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. ఆ రోజూ పెంచలేదు.

“అన్నా, మా ఊళ్లో ముత్తుస్వామి దీక్షితుల వారు 1835లో దీపావళి నాడు కన్నుమూశారు. సమాధి మా ఊళ్లోనే ఉంది. భారతి 1882లో మా ఊళ్లోనే పుట్టాడు. ఆ భారతి అన్న బిరుదు ఇచ్చింది ఈ ఎట్టప్పన్ ఆస్థానమే. సుబ్బరామ దీక్షితులు గారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో అచ్చయింది మా ఊళ్లోనే, అదీ తెలుగు లిపిలో. ఇన్ని ఉండగా మీకు ఆ సినిమా ఒక్కటే జ్ఞాపకం వచ్చిందా?”

పెద్దాయన తల వంచుకుని, “తప్పు బావా, మనసులో పెట్టుకోవద్దు” అన్నాడు. సంబంధం కుదిరింది. మా మరదలు విరుదునగర్‌లో సుఖంగా ఉంది. ఆ మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదంటుంది.

ఆ తరువాతే నేను పుస్తకాలు పట్టుకుని కూర్చున్నాను. కాల్డ్వెల్ బిషపు గారి తిరునెల్వేలి చరిత్రలో, కయత్తారులో 1799 అక్టోబరు 16న జరిగినదాన్ని గురించి బ్యానర్‌మన్ పై అధికారులకు పంపిన లేఖ సంగతి ఉంది. ఉరి వేయించిన వాడు వ్రాసినది గనక పొగడవలసిన అవసరం అతనికి లేదు. అయినా ఏం వ్రాశాడు? విచారణ సేపంతా కట్టబొమ్మన జంకు లేకుండా నిలబడ్డాడని, మధ్య మధ్య ఎట్టయాపురం పాళెగాని వైపు తీక్ష్ణంగా చూశాడని, ఉరికి నడిచేటప్పుడు ఇరుపక్కలా కూర్చున్న పాళెగాండ్రందరి మీదా తిరస్కారంగా చూపు విసురుతూ పోయాడని, మూగ తమ్ముణ్ణి గురించి మాత్రం బెంగపడ్డాడని, చెట్టు కిందికి వచ్చాక కోట విడిచి రాకుండా ఉండవలసిందని విచారించాడని.

ఇది చదివాక శివాజీ గారి ఆఖరి దృశ్యం టీవీలో మళ్లీ చూశాను. జాక్సన్ ఎదుటి సంభాషణ కవి కల్పన కావచ్చును. జయపూరు కోట మనది కాకపోవచ్చును. ఆ ఆఖరి నడక, ఆ చూపు మాత్రం శత్రువు వ్రాసిన కాగితంతో సరిపోయినవి. ఆ లేఖలో ఆ తిరస్కారం ఎట్టయాపురం దొర ఒక్కడి మీదే ఆగలేదు, వరసగా కూర్చున్న అందరి మీదా పడింది. వాళ్లలో ఎందరో మన భాష వాళ్లే. సినిమా ఆ వరసలో నుంచి ఒక్కణ్ణి ఏరి మన చేతికిచ్చింది, మనం ఇప్పటికీ విడిచిపెట్టలేదు.

మా మామగారికి ఆ లేఖ సంగతి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, రెండోసారి చదవమన్నారు. ఆయనకు శివాజీ అంటే ప్రాణం. ఆగస్టు పదిహేనుకో మరెప్పుడో టీవీలో ఆ బొమ్మ వేస్తే కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటారు. జాక్సన్ ఘట్టం దాకా పెదవులు కదుపుతూ ప్రతి మాటా తామూ అంటారు. తరువాత వి.కె. రామస్వామి గారు ఎట్టప్పన్ వేషంలో వచ్చే వేళకు లేచి, పెరట్లోకి పోయి మల్లెపాదులకు నీళ్లు పోసుకుంటూ ఉంటారు.